దివిసీమ పూత

మా ఆదివారం బ్యాచ్‌కి ఒక నియమం ఉండేది. చేతికొచ్చిన వస్తువును వచ్చినట్టుగా వెనక్కి పంపకూడదు. పగిలిన అద్దం మార్చమని ఎవరైనా ఫోను తెస్తే, అద్దం మార్చి ఊరుకునేవాళ్ళం కాదు. లోపలి సాఫ్ట్‌వేర్ కూడా తీసేసి, ఎక్కడో పోలండులోనో బ్రెజిల్‌లోనో మాలాంటి పనిలేనివాడు తయారుచేసి పెట్టిన కొత్తది ఎక్కించి పంపేవాళ్ళం. వాళ్ళు అడిగారా అంటే అడగలేదు. అడక్కుండా చేసినందుకే మాకు గొప్పగా ఉండేది. ఆ నియమం పెట్టింది రాకేష్ అని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను గానీ, పెట్టినరోజున చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

బ్యాచ్ అంటే పెద్ద సైన్యమేమీ కాదు. మచిలీపట్నం కోనేరు సెంటర్ దగ్గర గోవర్ధనరావు గారి జిరాక్స్ షాపు, దాని మేడ మీద ఒక గది. ఆయన టెలిఫోన్ శాఖలో చేసి రిటైరయ్యారు. సోల్డరింగ్‌లో ఆయన చేతికి తిరుగులేదు. రాకేష్ ఇంట్లో కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేస్తూ, గాడ్జెట్ల మీద యూట్యూబ్ వీడియోలు చేస్తుంటాడు. నా పేరు షీబా. నాదీ ఇంటినుంచి చేసే ఉద్యోగమే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరో రాసినదాన్ని జనం మీదికి వదిలేముందు ‘ఆగండి, ఇది ఇంకా కాలేదు’ అని చెప్పడం నా పని. వారానికి ఐదు రోజులు ఆ మాట అని జీతం తీసుకుంటాను. ఆదివారం చర్చి అయ్యాక, భోంచేసి, మళ్ళీ అదే మాట అనడానికి విసుగు పుట్టి ఆ మేడ ఎక్కేదాన్ని.

ఆ మెట్లు ఎక్కినవాళ్ళలో డిగ్రీ లేనివాడు, ఇంగ్లీషు రానివాడు, నిజంగా పని వచ్చినవాడు సుభాని గారు ఒక్కరే.

ఆయనది పూత పని. మా చిలకలపూడిలో తయారయ్యే రోల్డ్ గోల్డ్ నగలకు బంగారు పూత వేస్తాడు. తండ్రి సైకిలు వెనక గాజుల పెట్టె కట్టుకుని అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ఊళ్ళన్నీ తిరిగి అమ్మేవాడు. బడి సెలవుల్లో కొడుకును ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవాడు. ఆ ప్రయాణాల్లో సుభాని గారికి బాగా గుర్తున్నవి అమ్మకాలు కావు, తిట్లు. విజయవాడలో ఏడాది నిలిచే గాజు దివిసీమలో మూడు నెలలకే నల్లబడేది. ఉప్పుగాలి, ఉప్పునీళ్ళు, పైన నాట్లేసే ఆడవాళ్ళ చెమట. రెండోసారి వెళ్ళేసరికి వాళ్ళు ఆ నల్ల గాజులు తెచ్చి సైకిలు ముందు పోసేవాళ్ళు. “నీ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు, ఇవి బంగారపు నీళ్ళా, పసుపు నీళ్ళా?” అని ఒకావిడ అడిగితే తండ్రి తల వంచుకుని నిలబడటం ఆయన చూశాడు. ఒట్టు వేయాల్సిన బిడ్డ సైకిలు మీద ఉన్నాడు మరి.

పద్నాలుగో ఏట పనిలో చేరాక ఆయన పట్టుబట్టి నేర్చుకున్నది ఒకటే. బంగారు పూత కింద ఉండే నికెల్ పొరను రెండు తడవలుగా, మందంగా వేయడం. మధ్యలో కుంకుడు రసంతో తోమి, ఎక్కడా జిడ్డన్నది లేకుండా చూడటం. పైకి ఏ తేడా కనబడదు. కనబడని పనికి కూలెవరిస్తారని షాపులవాళ్ళు నవ్వేవారట. అయినా పులిగడ్డ వంతెన దాటి దివిసీమకు వెళ్ళే సరుకు మాత్రం ఆయన చేతికే వచ్చేది. దానికి దివిసీమ పూత అని ఆయనే పేరు పెట్టుకున్నాడు. తండ్రి పోయేలోపు ఒక్క గాజు కూడా తిరిగి రాలేదని చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో కాస్త గర్వం వినబడేది.

మా దగ్గరికి ఆయన ఒక ఫోను వల్ల వచ్చాడు. కృత్తివెన్ను రొయ్యల చెరువుల మీద పనిచేసే ఏసుబాబు ఆయన స్నేహితుడు. ఉప్పు పట్టి అతని ఫోను ఛార్జింగ్ పిన్ను మూడుసార్లు పోయింది. సుభాని గారు ఒక కడ్డీకి దూది చుట్టి, పూత నీళ్ళలో తడిపి, ఆ పిన్ను మీద మెల్లగా అద్దుతూ తన పూతే వేశాడు. ఏడాది దాటినా అది చెక్కుచెదరలేదు. ఆ ఫోను బ్యాటరీ కోసం గోవర్ధనరావు గారి దగ్గరికి వస్తే, ఆయన భూతద్దం పెట్టి చూసి, “ఎవరిదయ్యా ఈ చెయ్యి!” అన్నారు. కబురు పెట్టాం. సుభాని గారు చెప్పులు మెట్ల కిందే విడిచి పైకి వచ్చాడు. మేమెవరమూ విడవం.

ఆ తర్వాత ఏడాదిపాటు మా గదిలో పిన్నన్నదానికల్లా బంగారమే. వాచీల ఛార్జర్లు, ఇయర్‌ఫోన్ల పెట్టెలు, ఎక్కడెక్కడి నుంచో కొరియర్‌లో వచ్చినవి. రాకేష్ దానికి ‘మన బందరు టెక్నిక్’ అని పేరు పెట్టి వీడియోలు వదిలాడు. వాటిలో సుభాని గారి చేతులు మాత్రమే ఉండేవి. ముఖం ఎందుకు చూపించవని నేనడిగితే, “అక్కడ లైటింగ్ సరిగ్గా రావట్లేదు షీబా” అన్నాడు. సుభాని గారు నవ్వేశాడు. “చేతులొచ్చాయి కదమ్మా, చాల్లే” అన్నాడు.

కబురు పెట్టింది మేమే అయినా, ఆయన మా గొప్పతనం చూసి రాలేదు. కూతురి కోసం వచ్చాడు. ఆ సంగతి మాకు తెలియడానికి ఏడాది పట్టింది.

గౌసియా పుట్టు చెవిటిది. మూడో ఏట ఒక ధర్మసంస్థ వాళ్ళు ఆపరేషన్ చేయించారు. చెవి వెనక ఎముకలో ఒక ముక్క అమర్చారు. బయట చెవికి తగిలించుకునే చిన్న మిషను, దాన్నుంచి ఒక వైరు, వైరు చివర అయస్కాంతంతో తలకు అంటుకునే బిళ్ళ. బయట మిషను పనిచేస్తేనే లోపలి ముక్కకు ప్రాణం. ఆపరేషన్ తర్వాత మాటలు నేర్పే టీచరు ఒక షరతు పెట్టింది. పిల్లకు రెండు భాషలు వినబడితే ఏదీ పట్టుబడదు, ఇంట్లో ఒకటే మాట్లాడండి అంది. బడి తెలుగుది కాబట్టి వాళ్ళు ఉర్దూ మానేశారు. సుభాని, గుడివాడ నుంచి వచ్చిన భార్య ఖదీజా, ఆఖరికి తెలుగు సరిగ్గా రాని ముసలి నాయనమ్మ కూడా. పన్నెండేళ్ళపాటు ఆ ఇంట్లో ప్రార్థన తప్ప మిగతాదంతా తెలుగే. ఆ నాయనమ్మ కన్నుమూసేముందు కూడా మనవరాలితో “మంచిగా చదూకో” అనే అందట.

ఫలితంగా గౌసియా మాట్లాడేది. ముక్కుతో పలికినట్టుండేది గానీ ప్రతి మాటా అర్థమయ్యేది. సాయంత్రాలు తండ్రి పక్కన కూర్చుని గాజులు ఏరేది. ఒక్కో గాజును చెవి దగ్గర పెట్టి గోటితో తట్టేది. అతుకు గట్టిగా ఉంటే ఖంగున మోగుతుంది, సన్న పగులుంటే చప్పగా వస్తుంది. పూత వేశాక ఆ పగులు కంటికి కనబడదు. “మా గౌసీ చెవితో చూస్తుందండీ” అని సుభాని గారు నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. చెవిటిదని ఒకప్పుడు చుట్టాలు జాలిపడిన పిల్ల చెవే వాళ్ళ ఇంటి పనికి ఆధారమైంది.

ఆ మిషను ముసలిదైపోయింది. గరగరమనేది, మాట మధ్యలో ఆగిపోయేది. ఆ మోడల్ తయారీని కంపెనీ ఎప్పుడో ఆపేసింది. కొత్తది కొనడం పూత పనివాడు కలలో కూడా అనుకోలేని మాట. ధర్మసంస్థ వాళ్ళు పేరు రాసుకున్నారు, వచ్చే ఏడాది వరస వస్తుందన్నారు. అప్పటిదాకా పాతది నడవాలి. గౌసియా పదో తరగతికి వచ్చింది. సుభాని గారికి కావాల్సింది ఆ ఒక్క ఏడాది.

“మీరంతా పెద్ద పెద్ద మిషన్లు బాగుచేస్తారు గదండీ. ఇది ఒక్కసారి చూడండి” అని ఆయన ఒక ఆదివారం కూతురితో సహా వచ్చి అడిగాడు. గోవర్ధనరావు గారు భూతద్దంలో చూసి పకపకా నవ్వారు. “సుభానీ, ఇది నా పని కాదయ్యా, నీ పనే. బ్యాటరీ తగిలేచోట, వైరు దిగేచోట పిన్నులు ఉప్పు తినేశాయి. నువ్వే వెయ్యాలి పూత!”

ఏడాదిగా ఊళ్ళోవాళ్ళ పిన్నులకు పూతేసినవాడు సొంత కూతురి మిషను ముట్టుకోవడానికి భయపడ్డాడని అప్పుడు తెలిసింది. పాడైతే మళ్ళీ రాదని భయం. మా కళ్ళముందే, ఊపిరి బిగబట్టి, మూడు గంటలు కూర్చుని వేశాడు. మిషను విప్పలేదు. బయటికి కనబడే పిన్నులకే, ఎప్పటిలాగే రెండు తడవలు.

గౌసియా బిళ్ళ తలకు అంటించుకుంది. గరగర పోయిందంది. సుభాని గారు నమ్మలేదు. పెదాలు చూసి కనిపెడుతుందేమోనని, మెట్ల దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడి, చాలా చిన్న గొంతుతో, “గౌసీ, నీ లెక్కల మార్కులు మేడం గారికి చెప్పేయమంటావా?” అన్నాడు.

“చెప్పొద్దు నాన్నా!” అని ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. రాకేష్ అదంతా వీడియో తీశాడు. నాకు కళ్ళు చెమర్చాయి. ఎవరివి చెమర్చలేదు గనక.

అక్కడితో మెట్లు దిగి వాళ్ళు ఇంటికి వెళ్ళి ఉంటే నేను ఇది రాయాల్సిన పని లేదు.

“వచ్చినదాన్ని వచ్చినట్టు పంపేస్తామా?” అన్నాడు రాకేష్. వారంలో అతను విదేశీ గ్రూపుల్లో వెతికి ఆ మిషనుకు కొత్త సాఫ్ట్‌వేర్ పట్టాడు. గోలలో నుంచి మాటను విడదీసి వినిపిస్తుందట. క్లాసులో అరవైమంది పిల్లల మధ్య టీచరు మాట తేటగా వస్తుందట. ఆ మాట సుభాని గారికి తగలాల్సిన చోటే తగిలింది. పదో తరగతి కదా. గోవర్ధనరావు గారు రెండు రాత్రులు కూర్చుని మిషనును కంప్యూటర్‌కు కలిపే కేబుల్ తయారుచేశారు. ఆ కేబుల్ కోసం మిషను మూత విప్పక తప్పలేదు.

మరుసటి ఆదివారం అందరం చేరాం. మిషనులో ఉన్నదంతా ముందు కాపీ తీసుకున్నాం. నేను అలవాటు కొద్దీ అడిగాను. “తీసిన కాపీ తిరిగి ఎక్కుతుందో లేదో చూశారా? ఇది సరిగ్గా ఈ మోడల్‌దేనా?”

“అబ్బబ్బా, ఆదివారం కూడా ఆఫీసేనా షీబా!” అన్నాడు రాకేష్. గోవర్ధనరావు గారు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని నవ్వాను.

సుభాని గారు నవ్వలేదు. ఆయన నా వంక తిరిగి, “మీరు చెప్పండి షీబమ్మా. టెస్టింగ్ చేసేది మీరు గదా. చేయమంటారా?” అన్నాడు.

కాస్త ఆగుదాం అని అంటే సరిపోయేది. వారానికి ఐదు రోజులు అనే మాటే. కానీ నాకూ చూడాలని ఉంది. దేశంలో ఎవరూ చేయనిది మా మేడ మీద జరుగుతుందన్న దురద నాకూ ఉంది. “చేద్దామండీ, ఏం కాదు” అన్నాను.

తెర మీద గీత నిండుతూ వెళ్ళింది. గౌసియా బిళ్ళను గుప్పిట్లో పట్టుకుని మా ముఖాలు చూస్తూ కూర్చుంది. ‘పూర్తయింది’ అని వచ్చింది. రాకేష్ చప్పట్లు కొట్టాడు, మేమూ కొట్టాం. మా చేతులు చూసి ఆ పిల్ల నవ్వి, మిషను తగిలించుకుంది.

మిషను మీది చిన్న దీపం వెలగలేదు. బ్యాటరీ తీసి పెట్టాం. వెలగలేదు. పాత కాపీ ఎక్కిద్దామంటే, ఎక్కించడానికి మిషను ముందు మేలుకోవాలి కదా. అది మేలుకోలేదు. మా వాళ్ళ భాషలో అలా చచ్చినదాన్ని ఇటుక అంటాం. పాత ఫోన్ల విషయంలో ఆ మాట ఎన్నోసార్లు సరదాగా వాడాం.

“ఏం రావట్లేదు నాన్నా” అంది గౌసియా. మేం బ్యాటరీ మళ్ళీ తీసి పెడుతుంటే ఇంకోసారి అంది, ఇంకా గట్టిగా. తన గొంతు తనకే వినబడక మూడోసారి అరిచినట్టే అంది. కింద జిరాక్స్ షాపులో జనం తలెత్తి చూశారు.

ఆ సాఫ్ట్‌వేర్ వేరే దేశంలో అమ్మిన, అచ్చం అలాగే కనబడే ఇంకో మోడల్‌దని రాత్రికి తేలింది. గ్రూపులో అడిగితే, ఏడుపు బొమ్మలు నాలుగు వచ్చాయి. విజయవాడ సర్వీసు వాళ్ళు మూత చూసి, బయటివాళ్ళు విప్పినదాన్ని ముట్టుకోం అన్నారు. ధర్మసంస్థ వాళ్ళకు ఆ సంగతి చేరింది. విప్పి పాడుచేసుకున్నవాళ్ళకు వరస వర్తించదు, మళ్ళీ మొదటినుంచి అర్జీ పెట్టుకోమన్నారు. ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేమన్నారు. సుభాని గారి పూత దగ్గర ఆపి ఉంటే మూత మూతలాగే ఉండేది.

చందాలు పోగుచేద్దామని మా గ్రూపు మూడు రోజులు తెగ ఆవేశపడింది. నాలుగో రోజు ఏదో కంపెనీ కొత్త స్మార్ట్ కళ్ళజోడు విడుదల చేసింది. ఇక దాని మీద పడ్డారు. నేను ఇవ్వగలిగినంత పట్టుకుని సుభాని గారింటికి వెళ్తే, ఆయన కవరు తీసుకోలేదు.

“మీరు చెప్పారని చేయించాను షీబమ్మా. అయినా తప్పు మీది అననండీ” అన్నాడు. “అప్పటికే బాగైపోయింది గదా. నా పూత మీద నాకే నమ్మకం చాల్లేదు. పైన ఇంకేదో ఉంటే మంచిదనుకున్నాను. కనబడే పని మీద ఆశపడ్డాను.”

ఆయన తిట్టి ఉంటే హాయిగా ఉండేది. తిట్టలేదు. నా మీద నాకున్న కోపం తీర్చుకోవడానికి రాకేష్ దగ్గరికి వెళ్ళి, మొదటి ఆదివారం వీడియో తీసెయ్యమన్నాను. ‘చెవిటి అమ్మాయికి వినికిడి తెచ్చిన బందరు కుర్రాళ్ళు’ అని దానికి పేరు. మాలో అరవై ఆరేళ్ళ గోవర్ధనరావు గారూ కుర్రాడే, నేనూ కుర్రాడినే. అసలు పని చేసినవాడి ముఖం అందులో కూడా లేదు. లక్షలమంది చూశారు.

“ఎందుకు తియ్యాలి? అబద్ధం కాదుగా. ఆ రోజు పనిచేసింది కదా” అన్నాడు రాకేష్. నిజమే, అబద్ధం కాదు. నేను ఆ మేడ ఎక్కడం మానేశాను. అదేదో త్యాగం అని కాదు, ఆ గదిలో కూర్చుంటే ఆ పిల్ల అరుపు వినబడుతుంది నాకు. గోవర్ధనరావు గారు ఆ కేబుల్‌ను ముక్కలు చేసి పారేశారని విన్నాను.

పోయిన నెల మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. పరీక్షలు అయిపోయాయి. గౌసియా తండ్రి పక్కనే కూర్చుని గాజులు ఏరుతోంది. అలవాటు చొప్పున ఒక్కోటి చెవి దగ్గర పెట్టి గోటితో తడుతోంది. తట్టి, తండ్రికి అందిస్తోంది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి, భూతద్దంలో చూసి పక్కన పెడుతున్నాడు. అలా ఎందుకు తట్టడం అని ఆయన అడగడు. ఆమె మానదు.

ఖదీజా గారు టీ తెచ్చి భర్తతో ఏదో అంది. ఆయన ఏదో అన్నాడు. రెండు మూడు మాటలు దొర్లాక గాని నాకు తట్టలేదు, వాళ్ళు ఉర్దూలో మాట్లాడుకుంటున్నారు. కూతురి ముందే, కూతురికి అడుగు దూరంలో. నేను గమనించానని ఖదీజా గారికి తెలిసిపోయింది. “ఇంక ఎవరి కోసమండీ తెలుగు” అంది. టీ అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

గౌసియా నన్ను పిలిచి ఫోను చేతికిచ్చింది. ఆ వీడియో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె నవ్వేచోట ఆపి ఉంది. పక్కనున్న బిల్లు కాగితం వెనక రాసి చూపించింది. ‘అక్కా, ఇందులో నేను ఏం విని నవ్వాను?’

రోజులో చాలాసార్లు చూస్తుందట. అప్పట్లో మిషను బాగైన సంతోషంలో ఆ మాటేమిటో మనసులో నిలవలేదట. తండ్రిని అడగడానికి మనసొప్పలేదట. నేను పెన్ను తీసుకుని రాశాను. ‘నీ లెక్కల మార్కులు మేడం గారికి చెప్పేయమంటావా అని మీ నాన్న అడిగారు.’

చదువుకుంది. చదువుకుని తండ్రి వంక తిరిగి, ఈమధ్య ముద్దగా అయిపోతున్న ఆ గొంతుతో, అవసరానికి మించి గట్టిగా, “చెప్పొద్దు నాన్నా” అంది.

సుభాని గారు పూత తొట్టె వైపు తిరిగి గాజులు తీగకు గుచ్చుతున్నాడు. ఎందుకన్నదో, దేనికన్నదో అడగలేదు. చేతిలో పని ఆపకుండా, అటే తిరిగి, తెలుగులోనే, “చెప్పన్లే అమ్మా” అన్నాడు.

గౌసియా నేను రాసిన కాగితం వైపే చూస్తూ కూర్చుంది.